ఆ లెక్క అమ్మకూ తెలియాలి

బీపీ చూసుకునే మిషను ఇంట్లోనే ఉంటోంది. షుగరు చూసుకునేదీ ఉంటోంది. మరి వెన్నుపాము లోపంతో పుట్టిన బిడ్డ మూత్రాశయంలో ఒత్తిడి ఎంతుందో? అది మాత్రం ఏడాదికో, రెండేళ్లకో ఆస్పత్రిలో యూరోడైనమిక్స్ పరీక్ష చేసినప్పుడే తెలియాలి!

నరాలు పనిచేయని మూత్రాశయంతో చిక్కేమిటంటే, లోపల ఒత్తిడి పెరిగినా బిడ్డకి నొప్పి తెలియకపోవచ్చు. బట్టలు తడవడం లేదు కదా అని మనమూ నిశ్చింతగా ఉంటాం. ఆ ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తును మించితే కిడ్నీలకు ముప్పని 1981లోనే డాక్టర్లు తేల్చారు.

శుభ్రంగా చేతులు కడుక్కుని ఇంట్లోనే కాథెటర్ వేసుకోవచ్చని 1972లో అమెరికా డాక్టర్ లాపిడెస్ చూపించారు. అప్పట్నుంచీ చాలా ఇళ్లలో ఆ పని అమ్మదే. రోజుకు నాలుగైదుసార్లు కాథెటర్ వేసే చేతులకి కొలవడం ఓ లెక్కా? కాథెటర్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, స్కేలు పక్కన నిలబెట్టి, మూత్రాశయం మట్టం నుంచి మూత్రం ఎంత ఎత్తుకు ఎక్కిందో చూడాలి. ఆ ఎత్తే ఒత్తిడి. బిడ్డ ఏడుస్తున్నా, దగ్గుతున్నా లెక్క తప్పుతుంది.

ఇది పెద్ద పరీక్షకు బదులు కాదు. నేర్చుకోకుండా సొంతంగా చేసేదీ కాదు. కానీ, ‘‘మాకు నేర్పండి డాక్టర్‌గారూ’’ అని అడగడానికి మొహమాటమెందుకు? ‘‘మీకర్థం కాదులెండమ్మా’’ అని వాళ్లు దాటవేయడమెందుకు?

పాల లెక్క తప్పకుండా రాసే అమ్మ, ఈ లెక్క మాత్రం రాయలేదా?