బంతి రాని పరుగు

ఫుట్‌బాల్‌లో వింగర్‌కి బంతి అందగానే బయట నుంచి ఒకటే అరుపు: "క్రాస్ కొట్టు!" ఎదురుగా ఇద్దరు డిఫెండర్లు, పక్కనే టచ్‌లైన్. పాపం, వాడు ఎక్కడికని కొడతాడు?

టచ్‌లైన్ కూడా ఓ డిఫెండర్ లాంటిదే. అక్కడ ఒంటరిగా గెలవడం కష్టం. అందుకే మంచి కోచ్‌లు వింగర్, ఫుల్‌బ్యాక్, మిడ్‌ఫీల్డర్... ఈ ముగ్గురినీ త్రిభుజంలా ఆడిస్తారు.

2018-19 లివర్‌పూల్‌ని చూడండి. కుడివైపు సలా లోపలికి జరిగితే డిఫెండర్లూ అటే లాగబడేవారు. ఆ ఖాళీలోకి ఫుల్‌బ్యాక్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ వచ్చి క్రాస్ వేసేవాడు. ఆ ప్రీమియర్ లీగ్ సీజన్‌లో అతనికి 12 అసిస్టులు, ఎడమ ఫుల్‌బ్యాక్ రాబర్ట్‌సన్‌కి 11. ఇద్దరూ డిఫెండర్లే!

మరి నేర్పడం ఎలా? టచ్‌లైన్ పక్కన కోన్లు పెట్టి, ముగ్గురికి ఎదురుగా ఇద్దరిని దించండి. రూల్ ఒక్కటే: పాస్ ఇచ్చినవాడు నిలబడకూడదు. వింగర్‌ని దాటి బయటివైపు పరిగెత్తితే ఓవర్‌ల్యాప్, లోపలివైపు దూసుకెళ్తే అండర్‌ల్యాప్. డిఫెండర్ ఆ పరుగు వెంట పడితే వింగర్ తనే బంతితో ముందుకెళ్లాలి. పడకపోతే పాస్ ఇచ్చేయాలి. రెండు దారులూ మూసుకుపోతే వెనక మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. నిర్ణయం డిఫెండర్‌ని చూసి తీసుకోవాలి, కోచ్ అరుపు విని కాదు.

అసలు చిక్కు ఇక్కడే. ఐదుసార్లు పరిగెత్తినా బంతి రాకపోతే, ఆరోసారి ఆ కుర్రాడు కదలడు. త్రిభుజం అక్కడితో సరి. అందుకే ఈసారి గోల్ పడితే, కొట్టినవాడితో పాటు డిఫెండర్‌ని పక్కకి లాక్కెళ్లినవాడి పేరు కూడా గట్టిగా చెప్పండి. వాడు మళ్లీ పరిగెత్తుతాడు.