తడోబా యాత్ర: రెండు పద్ధతులు
1955లో జాతీయవనముగా ఏర్పడిన మహారాష్ట్ర తడోబాకు ఆదిలాబాదు మీదుగా పోవు మనవారిలో, నెలలు ముందుగనే మొహర్లీ ద్వారపు అనుమతిని, బసను, ఉదయ సాయంకాలముల జిప్సీ బండి వేళలను పంచాంగమువలె వ్రాసికొని బయలుదేరువారు కొందఱు. మంగళవారము కోర్ అడవి మూసియుంచుదురన్న సంగతియైనను విచారింపక సంచి భుజమున వేసికొని పోవువారు మఱికొందఱు. ఈ రెండవ కోవలో నేనును ఒకమారు చేరి, టీ కొట్టు బల్లపై దినమంతయు గడిపితిని. టీ మాత్రము బాగుండెను. అయినను అనుమతి విషయమున మొదటివారే వివేకులని ఒప్పుకొందును గాని, లోపల ప్రవేశించిన పిమ్మటను ఆ పట్టికనే పట్టుకొని వ్రేలాడుట నాకు రుచింపదు. మలియాత్రలో, వెదురు పొదల వెనుక చుక్కల దుప్పి బెదరి కూసినంతనే గైడు ఇంజను ఆపించి, పులి జాడకై చెవి యొగ్గి, ఊపిరి బిగబట్టి కూర్చుండగా, వెనుక సీటులోని పెద్దమనిషి గడియారము చూచుకొని, “ఫలహారమునకు వేళ కాలేదా?” యనెను.