వికర్ణుని వాక్కు

ఒక జాతికి ఆపద వాటిల్లినప్పుడు తక్కిన జాతుల కర్తవ్యమేమిటన్న ప్రశ్న ఈనాటిది కాదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర ప్రారంభించినప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ ప్రపంచం ముందు నిలిచింది. యుద్ధపీడితులైన ఉక్రెయిన్ ప్రజలకు సంఘీభావం ప్రకటించడం, రష్యాతో చిరకాల మైత్రి గల భారతదేశ పౌరులకు తగునా అన్నది విచారించదగిన విషయం.

జాలికీ సంఘీభావానికీ భేదమున్నది. ఆకలిగొన్నవానికి పిడికెడన్నం పెట్టడానికి జాలి చాలు. వాని ముందరి విస్తరి లాగుకొన్నవానిని నిలదీయడానికి సంఘీభావం కావాలి. కనుక సంఘీభావం ప్రకటించేవారు ముందుగా న్యాయాన్యాయాలను తెలుసుకోవాలి.

1991 డిసెంబరు 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో నూటికి తొంభైమందికి పైగా ఉక్రెయిన్ స్వాతంత్ర్యాన్ని కోరారు. సోవియట్ కాలం నుండి తన నేలపై మిగిలిన అణ్వాయుధాలను వదులుకోవడానికి ఆ దేశం అంగీకరించింది. ప్రతిగా 1994లో బుడాపెస్ట్ నగరంలో రష్యా, అమెరికా, బ్రిటన్ దేశాలు ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు చేశాయి. ఇరవై ఏండ్లు గడిచేసరికి, 2014లో, రష్యా క్రిమియాను తనలో కలుపుకొన్నది. ఆయుధం విడిచినవానికి ఇచ్చిన మాట ఆ విధంగా నీటిమూట అయినది.

ఈ సంఘర్షణ భూమి కోసమే జరిగినది కాదు. ఉక్రెయిన్ ప్రజలు ప్రత్యేకమైన జాతి కాదన్న వాదం దీని వెనుక ఉన్నది. ఆ వాదం పాతదే. దాస కుటుంబంలో 1814లో జన్మించి జాతీయకవిగా ఎదిగిన తరాస్ షెవ్‌చెంకోను 1847లో జారు ప్రభుత్వం సైనికునిగా ప్రవాసానికి పంపి, వ్రాయరాదని, బొమ్మలు గీయరాదని శాసించింది. 1876లో రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి ఉక్రెయిన్ భాషలో గ్రంథముద్రణను చాలావరకు నిషేధించాడు. 2022 మే నెలలో ఖార్కివ్ ప్రాంతంలో, పద్దెనిమిదవ శతాబ్దపు తత్త్వవేత్త స్కొవొరోదా స్మారక మందిరం క్షిపణి దాడిలో ధ్వంసమైనది. భాషనూ, కవినీ, గ్రంథాన్నీ ప్రేమించే ఏ జాతికైనా ఈ దుఃఖం పరాయిది కాదు.

యుద్ధం పసివారిని కూడా విడిచిపెట్టలేదు. మరియుపోల్ నగరంలోని నాటకశాలలో వందలాదిమంది తలదాచుకొన్నారు. ఆకాశం నుండి కనబడేటట్లు ఆ భవనానికి ఇరువైపులా నేలపై ‘పిల్లలు’ అని రష్యన్ భాషలో పెద్ద అక్షరాలతో వ్రాశారు. అయినా 2022 మార్చి 16న దానిపై బాంబు పడింది.

ఈ సంఘీభావాన్ని ఆక్షేపించేవారు రెండు మాటలంటారు. ఆపదలో ఆదుకొన్న మిత్రుని తప్పుపట్టడం కృతఘ్నత అన్నది మొదటిది. 1971లో భారతదేశానికి సోవియట్ సమాఖ్య అండగా నిలిచిన మాట నిజం. కాని ఆ సమాఖ్యలో ఉక్రెయిన్ కూడా ఒక భాగమే. కృతజ్ఞత చూపదలచినవారికి ఆ ఋణంలో ఉక్రెయిన్ వాటా కూడా గుర్తుండాలి. పైగా 2022 నాటికి అక్కడ వైద్యవిద్య అభ్యసిస్తున్న వేలాది భారతీయులలో తెలుగు విద్యార్థులెందరో ఉన్నారు. ఆ దేశం వారికి చదువు చెప్పింది.

ఇక రెండవ ఆక్షేపం బలమైనది. 2003లో ఇరాక్‌పై అమెరికా దాడి చేసినప్పుడు లేని ఆవేశం, గాజాలో పసివారు మరణించినప్పుడు రాని కన్నీరు ఇప్పుడెందుకని వారడుగుతారు. పాశ్చాత్య ప్రభుత్వాల పక్షపాతం నిజమే. కాని ఒకచోట అన్యాయాన్ని ఉపేక్షించినవారున్నారని మరొకచోట కూడా ఉపేక్షించడం న్యాయం కాజాలదు. ఈ ఆక్షేపానికి సరియైన సమాధానం ఉక్రెయిన్‌కు చూపిన సానుభూతిని ఇరాక్‌కూ గాజాకూ విస్తరింపజేయడమే.

మిత్రుని తప్పును తప్పని చెప్పవచ్చునా అన్నదానికి మహాభారతంలో సమాధానమున్నది. కురుసభలో ద్రౌపది ధర్మసందేహం అడిగినప్పుడు భీష్మాది పెద్దలు నిర్ణయం చెప్పలేకపోయారు. అప్పుడు లేచి ఆమె జూదంలో గెలువబడలేదని చెప్పినవాడు వికర్ణుడు. అతడు పాండవ పక్షంవాడు కాడు, దుర్యోధనుని సొంత తమ్ముడు. తరువాత యుద్ధంలో అన్న పక్షాననే నిలిచి ప్రాణాలు విడిచాడు. అతడు బంధాన్ని తెంచుకొనలేదు, అన్న తప్పును ఒప్పనీ అనలేదు.

ప్రభుత్వాల పరిమితులు వేరు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో 141 దేశాలు ఈ దండయాత్రను ఖండించగా, 5 దేశాలు వ్యతిరేకించాయి. 35 దేశాలు ఓటింగుకు దూరంగా నిలిచాయి. వాటిలో భారతదేశం ఒకటి. యుద్ధరంగంలో చిక్కుకొన్న విద్యార్థుల క్షేమం, రక్షణ సామగ్రి వంటి అవసరాలు ఒక ప్రభుత్వాన్ని ఆచితూచి మాట్లాడేటట్లు చేయవచ్చు. అదే ప్రభుత్వం ఉక్రెయిన్‌కు ఔషధాలు పంపింది. ఇది యుద్ధాల యుగం కాదని 2022 సెప్టెంబరులో భారత ప్రధాని సమర్‌ఖండ్‌లో రష్యా అధ్యక్షునికి ముఖాముఖి చెప్పారు. అయితే ప్రభుత్వానికి గల మొగమాటం పౌరునికి అవసరం లేదు.

సంఘీభావం పేరిట రష్యా ప్రజలను ద్వేషించడం కూడా తగదు. యుద్ధం వద్దని వీధులకెక్కి నిర్బంధానికి గురైన రష్యన్లు వేలాదిమంది. టాల్‌స్టాయ్‌నీ గోర్కీనీ తెలుగులో చదివి అభిమానించిన పాఠకులు ఆ అభిమానాన్ని వదులుకోనక్కరలేదు.

పతాకపు రంగులు నాలుగు రోజులు ధరించి మరచిపోతే సంఘీభావం వేడుకగా మిగులుతుంది. ఆ జాతి చరిత్రను చదవడం, అబద్ధపు ప్రచారాన్ని వ్యాపింపజేయకపోవడం, శక్తికొలది సాయపడడం, వార్తలు తగ్గిన తరువాత కూడా న్యాయం పక్షాన మాట్లాడడం యువతకు సాధ్యమైన పనులు. వికర్ణుని మాట ఆనాటి అన్యాయాన్ని ఆపలేదు. ఆ మాట పలకకపోయి ఉంటే, ఆ సభలో దుర్యోధనుని సోదరులందరూ ఒక్కటే అన్న అపకీర్తి మిగిలేది.