గాలమునకు దాణా

శనివారము మధ్యాహ్నపు గంట మ్రోగినంతనే మన పై తరగతుల బాలురు కొందఱు గాలపుకఱ్ఱలతో చెఱువుకట్టకు పోవుచున్నారన్నది మీ రెల్లరు నెఱిగిన సంగతియే. గోపన్‌పల్లిలో ఆటస్థలములన్నియు భవనములుగా మాఱుచుండగా చెఱువుకట్ట వారికి ప్రియమగుటలో వింత లేదు. నేను దానిని నిందింపను. బాల్యమున నేనును గాలము వేసినవాడనే. అయితే నాడు మా యెఱ వానపామో, గోధుమపిండి ముద్దయో. నేటి బాలుర సంచులలో కనబడునది పశువుల దాణా. గుళికలుగా అచ్చుపోసి బస్తాలలో నమ్మునట్టిది. ఈ క్రొత్త యెఱను గూర్చి నా యభిప్రాయమును వ్రాయవలసి వచ్చినది. ఏలయన దీనిని తరగతిలో నలుగురి యెదుట మొదట మెచ్చుకొన్నవాడను నేనే.

మెచ్చుకొనుటకు కారణము లేకపోలేదు. దాణాగుళికలో నుండునది తవుడు, నూనెచెక్క, మొక్కజొన్ననూక, బెల్లపుమడ్డి, కొంచెము ఉప్పు. మన పెద్దలు గాలపుముద్దలో కలుపుచుండిన తవుడును చెక్కయు నిందును గలవు. బంగారుతీగ యను చేప మూతికిరుప్రక్కల రెండు జతల మీసములు గలవు. అది అడుగుబురదను వానితో తడవుచు, రుచి చూచుచు తిరుగును. నీట మునిగి, మెల్లగా కరగి, వాసనను వ్యాపింపజేయు గుళిక దానికి తగిన యెఱయే. ఎఱ్ఱమోసును అడుగున మేయునదే కావున దానికిని తగును. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది పైనీటిలో మేయును. అడుగున దాణా వేసి బొచ్చెకొఱకు సాయంకాలము వఱకు కూర్చున్న బాలుని జూచి, చేప మూతిని చూచినవాడు ఎఱను తానే తెలిసికొనునని తరగతిలో చెప్పితిని. ఎండుగుళికను గ్రుచ్చిన పగిలిపోవును గావున, కొన్ని నిమిషములు తడిపి, కొంచెము గోధుమపిండితో మర్దించి గాలమునకు పట్టింపవలెనని కనుగొన్నది మన విద్యార్థియే. అది పుస్తకమున చదివినది కాదు. అందులకే మెచ్చుకొంటిని.

(సువార్తలలో గాలముతో పట్టిన చేప ఒక్కటియే కానవచ్చును. అది మత్తయి పదునేడవ యధ్యాయమున పేతురు పట్టినది. దానికి ఏ యెఱ కట్టెనో సువార్తికుడు వ్రాయలేదు. మన బాలురకు ఆ లోపము మిక్కిలి బాధ కలిగించుచున్నది!)

నా యాక్షేపణ గాలమునకు పట్టించిన గుళికపై కాదు. చెఱువులో చల్లిన దోసిళ్లపై. చేపలను ఒకచోటికి రప్పించుటకై బాలురు ముందుగా నీట దాణా చల్లుచున్నారు. మొదట ఒక పిడికెడు, పిదప చిన్న సంచి. ఒకడు కిలో చల్లిన, ప్రక్కవాడు రెండు కిలోలు చల్లును. చేప తిన్నంత తినును. తక్కినది అడుగున క్రుళ్లును. ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. కిలో దాణా పూర్తిగా క్రుళ్లుటకు ఇంచుమించుగా అంతే బరువుగల ప్రాణవాయువు కావలయును. ముప్పది డిగ్రీల వేడిగల నీరు గాలినుండి లీటరునకు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువునే గ్రహింపగలదు. అనగా కిలో దాణా లక్ష లీటర్లకు పైబడిన నీటిలోని ప్రాణవాయువును హరింపజాలును. గాలినుండియు పాచినుండియు నది మరల చేరుననుట నిజమే. కాని రాత్రివేళ పాచియు ప్రాణవాయువునే తీసికొనును. కావుననే మబ్బుపట్టిన రాత్రి గడచిన యుదయమున చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెఱచుచుండును. మురుగునీరు చేరుటచే ముందే కృశించిన మన నగరపు చెఱువులకు ఈ దాణా భారము కూడ నేల?

చేపలకు దాణా పెట్టుట తప్పా యని ఒక తెలివిగల బాలుడు నన్నడిగెను. కొల్లేటి ప్రాంతమున పెట్టుట లేదా యనెను. పెట్టుచున్నారు. ఎట్లు పెట్టుచున్నారో చూడుడు. అచ్చటి రైతులు తవుడును చెక్కను చిల్లులుగల సంచులలో నింపి, చెఱువులో వరుసగా పాతిన కఱ్ఱలకు కట్టుదురు. చేప మూతితో పొడిచి తినును. తినని మేత సంచిలోనే మిగులును. మఱునాడు దానిని జూచి మేతను తగ్గింతురు, మబ్బుదినమున మానుదురు. చేపలతోనే బ్రదుకువారు మేతను తూచి పెట్టుచుండగా, వినోదమునకు పోయినవాడు దోసిళ్లతో చల్లుట తగునా? ఇంగ్లండులోను గాలము వేయు కొలనులు పెక్కింటిలో, ఆ కొలను వారు అమ్మిన గుళికలే తప్ప బయటి గుళికలు వాడరాదను నియమము గలదు.

మఱియొక సంగతి. కొన్ని పశువుల దాణాలలో యూరియాను కొలదిగా కలుపుదురు. నెమరువేయు జంతువు పొట్టలోని సూక్ష్మజీవులు దానిని మాంసకృత్తులుగా మార్చుకొనును. బంగారుతీగకు జీర్ణాశయమే లేదు. గొంతుక దాటినంతనే ప్రేగు. బఱ్ఱెకు బలమైనది చేపకును బలమనుకొనుట పొరపాటు. బూజుపట్టిన చెక్క సంగతి చెప్పనక్కఱలేదు. 1960లో ఇంగ్లండునందు వేలకొలది టర్కీకోళ్లు చచ్చుటకు వేరుసెనగ చెక్కలోని బూజువిషమే కారణమని పిమ్మట తేలినది. పాడైన దాణా చేపలకు చాలునను మాట ఇకపై నేను విననొల్లను.

ఇంతవఱకు చెప్పినది శాస్త్రము. నాకు ఈ వ్యాసమును వ్రాయవలెనని తోచినది మాత్రము శాస్త్రమువలన గాదు. ఒకనాటి యుదయమున మన విద్యార్థి తండ్రి యొకరు పాఠశాలకు వచ్చిరి. ఆయన నాలుగు బఱ్ఱెలను పెంచి, చుట్టుప్రక్కల యిండ్లకు పాలు పోసి జీవించువారు. బస్తాలో దాణా తఱుగుచుండుట జూచి ఎలుకలనుకొనిరట, బోను పెట్టిరట. పిదప కొడుకు సంచిలో గుళికలు కనబడినవి. "బఱ్ఱెకు పెట్టే దాణా, సార్, వీడు చెఱువుల పోస్తుండు. సార్ మెచ్చుకున్నడని చెప్తుండు" అని మాత్రమే యనిరి. కోపపడలేదు. కోపపడియుండిన నాకు సులువుగా నుండెడిది. నేను మెచ్చుకొన్న తెలివి ఆ యింటి పాలచెంబునుండి తీసినదని నాకు తోచనే లేదు. ఆ గుళికలు ఎచ్చటివని అడుగవలసినది, అడుగలేదు.

బాలునకు శిక్ష విధింపుమని కొందఱు సలహా యిచ్చిరి. నేనొప్పుకొనలేదు. మెచ్చుకోలులో భాగము నాది గదా! చెఱువును సంఘపు మత్స్యకారులది. ప్రభుత్వము వారికై 2016 నుండి చెఱువులలో ఉచితముగా చేపపిల్లలను వదలుట ప్రారంభించినది. కావున గాలము వేయుటకు ముందు వారి యనుమతి నడుగవలెననియు, దాణాను కొన్నదో యింట అడిగి తెచ్చినదో అయి యుండవలెననియు, అదియు గాలమునకు చాలినంతయేగాని నీట చల్లరాదనియు మా తరగతిలో నిర్ణయించుకొంటిమి. చల్లనిదే చేప రాదని యిద్దఱు వాదించిరి. రాకపోవచ్చును.

గత శనివారము ఆ బాలుడు తండ్రి నడిగి తెచ్చిన అగ్గిపెట్టెడు దాణాతో కట్టపై కూర్చుండెను. రెండు గంటలు బెండు కదలలేదు. ప్రొద్దుగ్రుంకు వేళకు ముప్పావుకిలో బంగారుతీగ యొకటి పడినది. ఇంటికి కొనిపోయితినని సోమవారము చెప్పెను. తండ్రి యేమనెనని నేనడుగగా, "బఱ్ఱెలను కడుగుమనెను" అని బదులు చెప్పి తన బల్లవద్దకు పోయెను.