ఫీజు కట్టించుకునే ముందు మాట రాసివ్వాలి

పోయిన నెల మా జూనియర్ ఒకడు హన్మకొండ చౌరస్తా నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, ఫుల్ స్టాక్ కోర్సట. నలభై వేలు. హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అంటున్నరు. ఇయ్యాల కడితే ఐదు వేలు తగ్గిస్తరట. కట్టాల్నా?"

"జాబ్ రాకపోతే పైసలు వాపస్ ఇస్తమని కాయితం మీద రాసిస్తరా, అడుగు" అన్నాను. పావుగంటకు మళ్లీ ఫోన్. "అన్నా, అది ప్లేస్‌మెంట్ గ్యారంటీ కాదట, అసిస్టెన్సట!"

ఆ తేడా నాకు బీటెక్ అయిన ఏడాదే తెలిసింది. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయి, హాస్టల్‌లో ఉంటూ ఓ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. రెండు నెలలకు క్లాస్ చెప్పే సార్ మానేశారు, బ్యాచ్ ఆగిపోయింది. ఫీజు వాపస్ అడిగితే "వచ్చే బ్యాచ్‌లో కూర్చో" అన్నారు. నా దగ్గర రసీదు కూడా లేదు. ఇంట్లో చెప్పడానికి నెల పట్టింది.

ఒకసారి ఆలోచించండి. మనం చదివే ఇంజినీరింగ్ కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి ఉండాలి, యూనివర్సిటీ గుర్తింపు ఉండాలి. ఫీజు ఎంతో రాష్ట్ర ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ చూస్తుంది. అదే కాలేజీ నుంచి బయటికొచ్చి ఏ నక్కలగుట్టలోనో, అమీర్‌పేటలోనో మూడో అంతస్తు మెట్లెక్కితే ఇవేవీ ఉండవు. ఓ గది, ప్రొజెక్టర్, ఫ్లెక్సీ ఉంటే ఇన్‌స్టిట్యూట్ రెడీ. ఉద్యోగం లేక మనం బాగా భయపడే సమయంలోనే మన డబ్బుకు రక్షణ తక్కువ.

అసలు నిబంధనలే లేవని కాదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల రిజిస్ట్రేషన్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి తగ్గ సొమ్ము 10 రోజుల్లో వాపస్ ఇవ్వాలని అందులో ఉంది. తప్పు చేస్తే మొదటిసారి 25 వేలు, రెండోసారి లక్ష జరిమానా. అదే ఏడాది నవంబర్‌లో తప్పుదోవ పట్టించే కోచింగ్ ప్రకటనలపై వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ కూడా మార్గదర్శకాలు తెచ్చింది. 2025లో రాజస్థాన్ అసెంబ్లీ ఏకంగా చట్టమే చేసింది.

కానీ వీటి వెనుక ఉన్న ఆందోళన ప్రధానంగా నీట్, జేఈఈ పిల్లల గురించి, కోటా ఆత్మహత్యల గురించి. అది అవసరమే. కాదనను. అయితే విద్యాశాఖ మార్గదర్శకాలు 50 మందికి మించి ఉన్న సెంటర్లకే. బ్యాచ్‌కు ఇరవై మందితో జావా, టెస్టింగ్, డేటా సైన్స్ చెప్పే చోట్లు చాలావరకు ఆ లెక్కలోకే రావు. పైగా మార్గదర్శకాలు పనిచేయాలంటే రాష్ట్రాలు వాటికి చట్టబలం ఇవ్వాలి. అందుకే డిగ్రీ తర్వాత ఉద్యోగం కోసం చేరే శిక్షణ సంస్థల కోసం విడిగా ఒక చట్టం కావాలంటున్నాను.

"చట్టం వస్తే ఇన్‌స్పెక్టర్లు వస్తారు, మామూళ్లు పెరుగుతాయి, చిన్న ఇన్‌స్టిట్యూట్లు మూతపడతాయి" అని ఓ ట్రైనర్ అన్న నాతో వాదించాడు. ఆయన భయంలో నిజం ఉంది. తక్కువ ఫీజుకు పాఠం చెప్పి వేలమంది జీవితాలు నిలబెట్టింది కూడా ఈ గదులే. కాబట్టి సిలబస్ ఏం చెప్పాలి, గది ఎంత ఉండాలి అన్న వాటి జోలికి చట్టం పోవద్దు. ఇచ్చిన మాటను, తీసుకున్న డబ్బును పట్టించుకుంటే చాలు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. మన వాళ్లు ఇంతమంది పనిచేసే కాలిఫోర్నియాలో ప్రైవేటు శిక్షణ సంస్థల కోసం 2010 నుంచి ఇలాంటి చట్టం అమల్లో ఉంది. చేరే ముందే ఎంతమంది కోర్సు పూర్తి చేశారో, ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో, జీతమెంతో రాసిన పత్రం విద్యార్థికి ఇవ్వాలి. మొదటి క్లాసు దాకా, లేదంటే చేరిన ఏడో రోజు దాకా, ఏది తర్వాతైతే అది, వద్దనుకుంటే ఫీజు వాపస్. సంస్థ మూతపడి నష్టపోయిన వాళ్లకు సాయం చేయడానికి ఒక నిధి కూడా ఉంది.

అంకెలను ఎవరైనా తనిఖీ చేయాలి, లేకపోతే అవీ ఫ్లెక్సీలే. ల్యాంబ్డా స్కూల్ అనే పేరున్న కోడింగ్ సంస్థ 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలని ప్రచారం చేసుకుంది. ఇన్వెస్టర్లకు చూపిన లెక్కల్లో అది 50 శాతం దగ్గరే ఉందని, కొన్ని బ్యాచ్‌ల్లో 30కి కూడా పడిందని 2024లో అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ బయటపెట్టింది. అంత పెద్ద సంస్థే అలా చేస్తే, గోడమీద అతికించిన "మా విజేతలు" ఫొటోలను ఎవరు లెక్కబెట్టారు?

మన రాష్ట్రంలో మూడు నిబంధనలు పెట్టినా సగం మోసాలు ఆగుతాయి. తనిఖీ చేసిన ప్లేస్‌మెంట్ లెక్క ముందే చేతికివ్వాలి. వారం రోజుల్లో మానేస్తే ఫీజు పూర్తిగా వాపస్ రావాలి. కోర్సు మధ్యలో ఆగితే మిగిలిన సొమ్ము తిరిగి రావాలి. విద్యార్థులు ఇద్దరున్నా ఇరవై వేలమంది ఉన్నా ఇవే రూల్స్. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో, తక్కువ ఖర్చుతో అయిపోవాలి. నిజాయితీగా పాఠం చెప్పే సార్లకు దీంతో పోయేదేం లేదు, పక్కగదిలో అబద్ధం చెప్పేవాడితో పోటీ తప్పుతుంది.

చట్టం వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. "ఇవాళే లాస్ట్" అంటే ఆ రోజు కట్టొద్దు. రసీదు, రిఫండ్ షరతులు కాగితం మీద తీసుకోండి. క్యాష్ కాకుండా యూపీఐలో కట్టండి. పోయిన బ్యాచ్‌లో చదివిన ఇద్దరి నంబర్లు అడిగి మాట్లాడండి. మోసం జరిగితే సిగ్గుపడి ఊరుకోకండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. ఆ రోజు నేను అడగలేదు. మా జూనియర్ అడిగాడు కాబట్టి, వాడి నలభై వేలు ఇంకా వాళ్ల నాన్న అకౌంట్‌లోనే ఉన్నాయి.