గర్భిణి కంచంలో బాల్యం

'దోహదం' అనే మాటను నేడు మనం సహాయం, ప్రోత్సాహం అనే అర్థంలో వాడుతున్నాము. సంస్కృతంలో ఆ మాటకు గర్భవతి కోరిక అని అర్థం. చూలాలు కోరినది పెట్టాలని మన పెద్దలు చెబుతారు. అయితే ఆ కోరిక ఎక్కడ పుడుతుంది? కొంత ఆమె గడిపిన బాల్యంలో కూడా పుడుతుందని నా అభిప్రాయం.

మా అమ్మమ్మది అనంతపురం జిల్లా. 1952 నాటి రాయలసీమ కరువులో ఆమెకు పదేళ్ళు. గంజి కేంద్రం ముందు సత్తు గిన్నె పట్టుకొని వరుసలో నిలబడిన సంగతి మాకు పలుమార్లు చెప్పింది. 1960లో మా అమ్మ ఆమె కడుపున పడేనాటికి ఇంట్లో తిండికి కొదవ లేదు. అయినా దిండు కింద బెల్లపు ముక్క, కొంగు ముడిలో చెనిక్కాయ విత్తులు ఉండవలసిందే. "ఆకలై తినేదాన్ని కాదు నాయనా, రేపు దొరకదేమో అని తినేదాన్ని" అనేది.

ఒక అమ్మమ్మ మాట శాస్త్రానికి రుజువు కాజాలదు. కాని ఇటువంటి మాటనే శాస్త్రం మరొక దారిలో విన్నది. 1980లలో అమెరికాలోని శాన్ డియాగోలో స్థూలకాయులకు చికిత్స చేస్తున్న విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు, బరువు చక్కగా తగ్గుతున్నవారే చికిత్స మానివేయడం గమనించారు. విచారించగా వారిలో అనేకులు బాల్యంలో అత్యాచారానికి గురైనవారని తేలింది. తిండి వారికి ఓదార్పు. తరువాత ఆయన, రాబర్ట్ ఆండా కలిసి సుమారు 17,000 మందిని ప్రశ్నించారు. బాల్యంలో అనుభవించిన కష్టాల రకాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక స్థూలకాయం, మానసిక వ్యాకులత, హృద్రోగం వంటివి అంత ఎక్కువగా కనిపిస్తాయని 1998లో ప్రకటించిన తొలి ఫలితాలు తెలిపాయి.

దీని వెనుక రసాయన శాస్త్రం ఉంది. భయం కలిగినప్పుడు మెదడు నుండి అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ వెళ్ళి కార్టిసోల్ అనే హార్మోను విడుదలవుతుంది. ఏళ్ళ తరబడి భయంలో పెరిగిన బిడ్డలో ఈ ఏర్పాటు తీరే మారిపోవచ్చు. అట్టి ఒత్తిడిలో కొందరికి తీపి, కొవ్వు పదార్థాలపై మనసు పోతుంది. కొందరికి ఆకలే చచ్చిపోతుంది. గర్భకాలంలో కార్టిసోల్ సహజంగానే పెరుగుతుంది. దానికి తోడు నిద్ర తగ్గుతుంది, పాత జ్ఞాపకాలు రేగుతాయి. ప్రతి వేవిళ్ళకూ, ప్రతి కోరికకూ బాల్యమే కారణమని నేననడం లేదు. కష్టపడి పెరిగిన స్త్రీలందరికీ ఇలా జరుగుతుందనీ అనడం లేదు. ఇది సంభావ్యత మాత్రమే, తలరాత కాదు.

మా బంధువుల అమ్మాయి ఒకతెకు ఇక్కడ గర్భకాలపు మధుమేహం ఉన్నట్లు తేలింది. పగలు పథ్యం పాటించేది. అర్ధరాత్రి వంటింటి చీకటిలో బిస్కెట్ల పొట్లం ఖాళీ చేసేది. ఇంట్లోవారు "నాలుక కట్టుకోలేవా?" అని మందలించారు. ప్రసవమైన చాలా కాలానికి ఆమె మాతో అన్నది: "కంచం ముందు కూర్చుంటే తాగి వచ్చే నాన్న అడుగుల చప్పుడే వినబడేది. ఆ కంచం ఎప్పుడు ఎగిరిపడుతుందో తెలియదు. అందరూ పడుకున్నాకే నాకు ముద్ద దిగేది."

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వాసుపత్రులలో గర్భిణి పేరు నమోదు చేసుకొనే తొలి సందర్శనలో, సేఫ్ స్టార్ట్ అనే విధానం ప్రకారం, మిడ్‌వైఫ్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. చిన్నతనంలో మిమ్ములను ఎవరైనా బాధించారా అన్నది వాటిలో ఒకటి. మా అమ్మాయి "లేదు" అని చెప్పి వచ్చింది. పుట్టింటి పరువు పోతుందని ఆమె భయం. ఆనాడు "అవును" అని ఉంటే, చక్కెర లెక్కలతో పాటు ఆమె మనసును పట్టించుకొనే వారూ దొరికేవారు.

"గతాన్ని తవ్వడమెందుకు? ఇవి తెల్లవారి ప్రశ్నలు" అనే పెద్దలున్నారు. వారి పట్ల నాకు గౌరవమున్నది. కాని మనం తవ్వకపోయినా ఆ గతం రోజూ మూడు పూటలా కంచంలోకి వస్తూనే ఉంది. తల్లి తిన్నదీ, తినలేకపోయినదీ బిడ్డకు చేరుతుంది.

కనుక పారమట్టాలోని మన కుటుంబాలకు నా విన్నపం ఇది. ఆ ప్రశ్నలు అడిగే వేళ భర్తగాని, ఊరి నుండి వచ్చిన అత్తగారుగాని పక్కన కూర్చోకండి. ఇంగ్లీషు కష్టమైతే దుబాసీ కావాలని ఆసుపత్రివారినే అడగండి, అది ఉచితం. ఇంటివారు ఆ పని చేయరాదు. అమ్మాయిలారా, నిజం చెప్పడం పుట్టింటికి ద్రోహం కాదు. సీమంతాలలో "ఏమి తినాలని ఉంది తల్లీ?" అని అడిగే మనం, "ఎందుకు తినలేకపోతున్నావు?" అని కూడా మెల్లగా అడగడం నేర్చుకుందాము. మందలింపు మాని అలా అడిగినప్పుడు, దోహదం అనే మాటకున్న రెండర్థాలూ మన ఇంట సార్థకమవుతాయి.