హవానా చుట్టలలో అసలు, నకిలీ: పెట్టె మీది ముద్ర కన్న చేతిలోని బిల్లు మేలు

ఏ సరుకులోనైనా రాబడి తగ్గి గిరాకీ నిలబడితే ధర ఎగబాకుతుంది. ధర ఎగబాకిన చోట నకిలీ మొలకెత్తుతుంది. మేలురకం క్యూబా చుట్టల మార్కెట్టులో గత కొన్నేండ్లుగా కనిపిస్తున్న ధోరణి ఇదే. అసలు ధరలో సగానికో, మూడో వంతుకో "హవానా సరుకు" ఇస్తామంటూ తిరిగే దళారులు పెరిగారు. ఆ బేరానికి చేయి చాచే ముందు వర్తకులు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మంచిది.

ధరలు ఈ స్థాయికి చేరడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. క్యూబా చుట్టలను ప్రపంచమంతటా అమ్మే హబానోస్ సంస్థ 2022లో కోహిబా, త్రినిదాద్ మార్కుల ధరలను అన్ని దేశాలలోనూ ఇంచుమించు ఒకే మట్టానికి తెచ్చింది. ఆ మట్టం హాంకాంగ్ ధర. పర్యవసానంగా అనేక మార్కెట్లలో కోహిబా ధర రెట్టింపు అయింది, కొన్ని చోట్ల అంతకు మించింది కూడా. అదే ఏడాది సెప్టెంబరు 27న ఇయన్ తుపాను పినార్ దెల్ రియో రాష్ట్రాన్ని తాకి, ఆకు ఆరబెట్టే కొట్టాలను వేల సంఖ్యలో నేలమట్టం చేసింది. క్యూబా మేలురకం ఆకుకు పుట్టిల్లయిన వుయెల్తా అబాహో ప్రాంతం ఆ రాష్ట్రంలోనిదే. ఇన్ని ఇబ్బందులున్నా గిరాకీ మాత్రం చెక్కు చెదరలేదు. హబానోస్ అమ్మకాలు 2022లో 54.5 కోట్ల డాలర్లు కాగా 2023లో 72.1 కోట్లకు, 2024లో 82.7 కోట్లకు పెరిగాయి. చైనా కొనుగోళ్ళు ఇందులో ముఖ్యమైనవి. సరుకు కొరత, కొనేవారి తొందర కలిసిన చోట నకిలీదారునికి అంతకు మించిన అదను వేరే అక్కరలేదు.

పెట్టె చెప్పే సంగతులు

నకిలీని పట్టడంలో మొదటి మెట్టు పెట్టె. క్యూబా ప్రభుత్వ హామీ ముద్ర 1912 నాటి చట్టంతో వచ్చిన ఆకుపచ్చ కాగితం. 2010 నుంచి వాడుకలో ఉన్న ముద్ర మీద హోలోగ్రామ్, బార్‌కోడ్, వరుస సంఖ్య ఉంటాయి. పెట్టె మూలన "హబానోస్" అన్న మాటతో ఏటవాలుగా అంటించే పట్టీ 1994 నుంచి వస్తున్నది. పెట్టె అడుగున "హబానోస్ ఎస్.ఎ.", "హెచో ఎన్ కూబా", "తోతాల్మెంతే ఆ మానో" అన్న మాటలు కాల్చిన ముద్రగా చెక్కలోకి దిగి ఉంటాయి. వేలితో తడిమితే లోతు తెలియాలి. సిరాతో అచ్చు వేసినట్లుంటే అనుమానించవలసిందే. తోతాల్మెంతే ఆ మానో అంటే పూర్తిగా చేతితో చుట్టినదని అర్థం. ఈ మాట 1989లో చేరింది. కనుక 1970ల నాటి పాత సరుకని చెప్పే పెట్టె మీద ఆ మాట కనబడితే ఇక వేరే పరీక్ష అక్కరలేదు.

ఆ పక్కనే ఫ్యాక్టరీ సంకేతం, పెట్టె కట్టిన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. 2000 సంవత్సరం నుంచి నెల పేరు స్పానిష్ భాషలో మూడక్షరాల పొట్టి రూపంలో ఉంటున్నది. జనవరికి "ఎనె", ఏప్రిలుకు "అబ్ర్", ఆగస్టుకు "అగొ", డిసెంబరుకు "దిక్". ఇంగ్లీషు పద్ధతిలో నెల పేరు వేసిన పెట్టెలు తయారు చేసి దొరికిపోయిన నకిలీదారులు లేకపోలేదు.

అద్దపు మూత పెట్టెల సంగతి మరీ తేలిక. మూత మీద అద్దమో, పారదర్శకమైన ప్లాస్టిక్కో బిగించిన పెట్టెలో కోహిబా చుట్టలు క్యూబా నుంచి ఎన్నడూ రాలేదు. అయినా పర్యాటకులు ముచ్చటపడి ఎక్కువగా కొంటున్నది ఆ పెట్టెలనే. అలాగే 2010లో వచ్చిన కోహిబా బెహికె రకాలు 10 చుట్టల పెట్టెలలోనే వస్తాయి. 25 బెహికెల పెట్టె చూపిస్తే, చూపించిన వానికి సరుకు సంగతి తెలియదని గాని, కొనేవానికి తెలియదని వాడు నమ్ముతున్నాడని గాని అనుకోవాలి.

చుట్ట చెప్పే సంగతులు

రెండవ మెట్టు చుట్ట. ఇక్కడ ఆకు చేతబట్టి ధర కట్టగలిగిన గుంటూరు వర్తకునికి కన్నే సాక్షి. అసలు పెట్టెలో చుట్టల పై ఆకు రంగు ఒకే ఛాయలో ఉంటుంది. ముదురు నుంచి లేతకు వరుస తీర్చి పేర్చడం క్యూబా ఫ్యాక్టరీల ఆనవాయితీ. ఒకటి నల్లగా, పక్కది పసుపుగా ఉన్న పెట్టె ఆ వరుస తీర్చే చేతుల మీదుగా వచ్చినది కాదు. కాగితపు పట్టీలన్నీ ఒకే ఎత్తులో, ఒకే వైపు తిరిగి ఉండాలి. పట్టీ మీది బంగారు రంగు అక్షరాలు ఉబ్బెత్తుగా, అంచులు చెదరకుండా ఉండాలి. 2014 తరువాతి కోహిబా పట్టీలో హోలోగ్రామ్ కూడా చూడవచ్చు.

తల భాగం టోపీని సన్నని ఆకు ముక్కలతో చుట్టలు చుట్టలుగా అమరుస్తారు. పరీక్షగా చూస్తే గీతలు కనిపిస్తాయి. కత్తిరించిన గుండ్రని ముక్కను జిగురుతో అంటించినట్లుంటే నాసిరకం పని. కొలతలు సైతం తప్పరాదు. నకిలీదారులు అందరికన్న ఎక్కువగా వాడుకొనే కోహిబా ఎస్ప్లెండిడోస్ పొడవు 178 మిల్లీమీటర్లు, లావు అంగుళంలో 64వ వంతు లెక్కన 47. అనుమానం తీరకపోతే ఒక చుట్టను నిలువునా చీల్చి చూడడమే మార్గం. మేలురకంలో లోపలి ఆకు కొస నుంచి కొస దాకా నిడుపుగా మడిచి ఉంటుంది. తుక్కు, ఈనెలు, ముక్కలు రాలితే అది చేతికి దొరికిన ఆకును పోగుచేసి ఏ ఇంటి వసారాలోనో చుట్టినది. మండె వేసి బాగా మగ్గిన ఆకుకూ, పచ్చి ఘాటు వదలని ఆకుకూ వాసనలోనే తేడా ఉన్నదని పొగాకు తెలిసిన వారికి చెప్పనక్కరలేదు.

పరీక్షల పరిమితి

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నీ నకిలీని పట్టి ఇస్తాయి. కాని అసలును నిరూపించవు. వర్తకులు గుర్తుంచుకోవలసిన కీలకం ఇక్కడే ఉన్నది. ఒక పరీక్షలో తప్పిన పెట్టెను నిస్సంకోచంగా తోసిపుచ్చవచ్చు. అన్నిటిలోనూ నెగ్గిన పెట్టెను మాత్రం అంత నిస్సంకోచంగా నమ్మరాదు.

అసలైన ఖాళీ పెట్టెలు చేతులు మారుతూనే ఉంటాయి. వాటిలో నకిలీ సరుకు నింపడం కష్టమైన పని కాదు. ఫ్యాక్టరీల నుంచి దొంగచాటుగా బయటపడిన పట్టీలు, ముద్రలు నకిలీ చుట్టల మీదికి ఎక్కుతాయి. అంటే ముద్ర నిఖార్సయినది, సరుకు కాదు. బార్‌కోడ్ సంఖ్యను హబానోస్ వారి వద్ద సరిచూసుకొనే ఏర్పాటు ఉన్నమాట నిజమే. కాని ఒక అసలు పెట్టె సంఖ్యను వంద నకిలీ పెట్టెల మీద అచ్చు వేస్తే ఆ సంఖ్య ప్రతిసారీ సరైనదనే సమాధానం రావచ్చు. సంఖ్య ఉన్నదని తెలుస్తుంది గాని, చేతిలో ఉన్న పెట్టె అదేనని తేలదు.

కనుక మిగిలిన రుజువు ఒక్కటే. సరుకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చినదన్న వరుస, అంటే బిల్లు. హవానా వీథులలో పర్యాటకుని పట్టుకొని, "మా బంధువు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, పనివారి వాటా సరుకు చవకగా ఇప్పిస్తాను" అనే వాని వద్ద లేనిది అదొక్కటే. క్యూబా కస్టమ్స్ వారు విడి చుట్టలు 20 దాకా, సీలు విప్పని అసలు పెట్టెలలో 50 దాకా తీసుకుపోనిస్తారు. అంతకు మించితే అధికృత దుకాణం బిల్లు చూపాలి. మన పొగాకు బోర్డు వేలం కేంద్రాలలో బేలుకు చీటీ ఎందుకు కడతారో తెలిసిన వారికి ఈ సూత్రం కొత్తది కాదు. చీటీ లేని బేలులో మంచి ఆకు ఉండవచ్చు. కాని అది ఎవరిదో చెప్పేవారుండరు.

ఒకే పేరు, రెండు సరుకులు

మరొక చిక్కు కూడా ఉన్నది. అమెరికా 1962 నుంచి క్యూబా సరుకుపై నిషేధం అమలు చేస్తున్నది. 1960లో క్యూబా ప్రభుత్వం చుట్టల ఫ్యాక్టరీలను జాతీయం చేసిన తరువాత పాత మార్కుల పేర్లు రెండు పాయలయ్యాయి. మాంటెక్రిస్టో, పార్తగాస్, రోమియో ఇ హులియేతా పేర్లతో డొమినికన్ రిపబ్లిక్ వంటి దేశాలలో చుట్టిన సరుకు అమెరికాలో బాహాటంగా అమ్ముడవుతుంది. 1966లో క్యూబాలో పుట్టిన కోహిబా పేరు మీద కూడా డొమినికన్ సరుకు అక్కడ ఉన్నది. ఆ పేరు హక్కు కోసం వ్యాజ్యం దశాబ్దాల తరబడి నడిచింది. ఈ సరుకును నకిలీ అనడం సరికాదు. దాని పేరు, దాని ధర వేరు. దానిని హవానా సరుకని చెప్పి హవానా ధర వసూలు చేసిన క్షణాన మాత్రం మోసం అవుతుంది. బేరం కుదుర్చుకొనే ముందు దళారి ఏ కోహిబా అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

వర్తకుని బాధ్యత

కొనేవాడు పోల్చుకోలేడు, పొగ అయిపోయిన తరువాత సాక్ష్యమే మిగలదు, ఇందులో నష్టమేమిటని వాదించేవారు వ్యాపారంలో ఉన్నారు. ఈ వాదం చట్టం ముందూ నిలవదు, దుకాణంలోనూ నిలవదు. తప్పుడు ట్రేడ్ మార్కు సరుకు అమ్మిన వానికి 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేండ్ల దాకా ఖైదు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా విధిస్తున్నది. దేశంలో అమ్మకానికి దిగుమతి అయ్యే పొగాకు సరుకు పెట్టె మీద బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి. 2016 ఏప్రిలు నుంచి అది ప్రధాన భాగంలో 85 శాతం ఉండాలి. ఆ బొమ్మ లేకుండా దుకాణానికి చేరిన పెట్టెలో చుట్ట అసలుదే అయినా, వచ్చిన దారి అసలుది కాదు.

చట్టం మాట అటుంచినా, వేల రూపాయలు పెట్టి ఒక చుట్ట కొనగలిగినవాడు నేడు కాకపోయినా రేపయినా అసలు చుట్టను ఎక్కడో ఒకచోట రుచి చూస్తాడు. ఆనాడు అతనికి గుర్తుకు వచ్చేది హవానా నకిలీదారుడు కాదు, బిల్లు లేకుండా పెట్టె చేతిలో పెట్టిన దుకాణదారుడు. అప్పటికి పోయిన పేరు ఏ తగ్గింపు ధరకూ తిరిగి రాదు.

సగం ధరకు హవానా సరుకు వచ్చిందని విన్నప్పుడు వర్తకుడు ముద్రను చూసే ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. రెండింతల ధర పెట్టడానికి హాంకాంగ్‌లో కొనేవారు వరుసలో నిలబడి ఉండగా, ఈ పెట్టె ఇంత చవకగా ఇక్కడికి ఎందుకు వచ్చింది? దానికి బిల్లుతో జవాబు చెప్పగలిగిన వానితోనే బేరం సాగించాలి.